గుర్రాల కిందికి ఇయ్యని జంపఖానా

మా కాక సిద్దిరాములు వరంగల్ కొత్తవాడలో నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్నాడు. గొప్ప మనిషేం కాదు. కోపం ఎక్కువ, నోరు మంచిది కాదు. మార్కండేయ స్వామి గుడికి తప్ప ఎక్కడికీ పనిగట్టుకుని వెళ్లడు. రాజులూ యుద్ధాలూ ఉన్న సినిమా అంటే మాత్రం పడిచస్తాడు.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో మానేశాను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. ములుగు దారిలో అలాంటి సినిమాకే సెట్ వేస్తున్నారని తెలిసి, వెళ్లి సామాన్లు మోశాను. అక్కడ ఆర్ట్ డిపార్ట్‌మెంట్ చూసే భానుచందర్‌కు మసీదు సీను కోసం పన్నెండు కమాన్ల జంపఖానా కావాలట. నమాజు చేసేవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కమాను, అంటే తోరణం ఆకారంలో నేసిన గడి. అది టైముకు తెస్తే నన్ను హైదరాబాద్ తీసుకుపోయి పనిలో పెట్టుకుంటానన్నాడు. నాకు కావాల్సింది అదే. ఈ ఊరి నుంచి బయటపడాలి, అంతే.

కాక ఒప్పుకున్నాడు. కొలతలు ఎలా ఉన్నా ఫర్వాలేదు, కెమెరాకు కనిపిస్తే చాలని చెప్పాను. ఆయన వింటేగా. నేల మీద మోకాళ్లు ఆనించి, నమాజులో లాగా వంగి, నుదురు ఎక్కడ తాకిందో అక్కడ నన్ను గీత గీయమన్నాడు. మసీదుకు నేసిన ప్రతిసారీ అలాగే కొలుస్తాడట, వాళ్ల నాయన నేర్పిన పద్ధతట. మోకాళ్ల నొప్పితో లేవలేక నా భుజం పట్టుకున్నాడు. తర్వాత ఇరవై రోజులు నేశాడు. ఇనప పళ్ల పంజాతో అడ్డదారం పేకను కొట్టే చప్పుడు వింటూ, ఇవాళ ఎన్ని కమాన్లయ్యాయని రోజూ ఆయన ప్రాణం తీశాను.

పన్నెండోది పూర్తయిన రోజు భానుచందర్ బండి వేసుకుని వచ్చాడు. జంపఖానా చూసి మురిసిపోయి, సీను మొత్తం చెప్పాడు. రాజుగారి సైన్యం మసీదులోకి దూసుకొస్తుంది, గుర్రాలు దీని మీద నుంచి పరిగెడతాయి, చివర్లో దీన్ని తగలబెడతారు. హాలు దద్దరిల్లిపోతుందట.

చుడుతున్న జంపఖానాను కాక మళ్లీ విప్పి పరిచాడు. ఇయ్యనన్నాడు.

భానుచందర్ నవ్వాడు. "పెద్దాయనా, సినిమా కదా. అంతా ఉత్తుత్తిదే."

"కత్తి కట్టెది, గడ్డం అతికిచ్చింది, నెత్తురు రంగునీళ్లు. మంచిగనే ఉన్నది," అన్నాడు కాక. "మరి ఇది? ఉత్తుత్తిది నేసుడు నాకు రాదు సారూ."

నాకు ఒళ్లు మండింది. "నువ్వేమన్న సాయిబువా కాకా? దీని మీద ఎవడు నమాజు చేసిండని?"

"నేను నెత్తి ఆనిచ్చి కొలిచినరా. ఆ జాగల గుర్రం కాలు పెట్టిత్తనా?"

కమాన్లు లేకుండా, అవే రంగుల్లో ఇంకొకటి పది రోజుల్లో నేసిస్తానన్నాడు. దాన్ని తొక్కించుకున్నా, కాల్చుకున్నా తనకు ఫికర్ లేదట. కమాన్లు లేకపోతే అది మసీదని జనానికి ఎలా తెలుస్తుందని భానుచందర్ అడిగాడు. కాక జంపఖానా మీది నుంచి చెయ్యి మాత్రం తీయలేదు.

బండి ఖాళీగా పోయింది. దానితోపాటే నా హైదరాబాదూ పోయింది. నెల రోజులు ఆయన మగ్గం వైపు వెళ్లలేదు. అడిగిన రెండు మసీదులకూ కొలత కుదరక జంపఖానా మా అటకెక్కింది.

సినిమా విడుదలైంది. మొదటి రోజే కాక నన్ను లాక్కుపోయాడు. ఆ సీను రానే వచ్చింది. తెర మీద పన్నెండు కమాన్లు, వాటి మీదికి గుర్రాలు. హాలంతా ఈలలు. పక్కనవాడు కుర్చీ ఎక్కి గంతులేస్తున్నాడు. ఇదివరకైతే వాడి కంటే ముందు నేనే ఎక్కేవాణ్ని.

కాక నా చెవి దగ్గరికి వంగాడు. "ఫ్లెక్సు కొట్టిచ్చిండ్రురా. చూడు, అంచులు ఎట్ల లేస్తానయో." అని హాయిగా వెనక్కి వాలి చూడసాగాడు.

ఫ్లెక్సేనని నాకూ తెలుస్తూనే ఉంది. అయినా నుదురు ఆనే చోట గుర్రం కాలు పడుతుంటే కూర్చోలేకపోయాను. ఆ జబ్బు నాకు అంటించిన కాకేమో పల్లీలు నములుతున్నాడు. లేచి బయటికొచ్చి పార్కింగులో అటూ ఇటూ తిరిగాను. సినిమా వదిలాక కాక వచ్చి, కోట ఎలా కూలిందో చేతులు తిప్పుతూ చెప్పబోయాడు. వినకుండా బండి స్టార్ట్ చేశాను.