మాస్టారూ, నన్నెప్పుడు చంపుతారు?

ఇప్పుడైతే ఫోను మీద వేలు ఆడిస్తే చాలు, అన్నం తింటూ నాలుగు హత్యలు చూసేయొచ్చు. మేము కొత్తగా ఉద్యోగాల్లో చేరిన కాలంలో ఆ వైభోగం ఎక్కడిది? ఒక్క మనిషి చావాలంటే వారమంతా కాచుకుని కూర్చోవాలి. శుక్రవారం వారపత్రిక రావాలి, తాడేపల్లిగూడెం స్టేషన్లో పుస్తకాల కొట్టాయన కట్ట విప్పాలి, ఏలూరు నుంచి ప్యాసింజర్లో వచ్చి దిగిన నేను బడి గంట కొట్టేలోపల ప్లాట్‌ఫారం మీద నిలబడే సీరియల్ చదివేయాలి. (కొట్టాయన చాలా మంచివాడు. "నిలబడి చదివితే చదివారు గానండీ, హంతకుడెవరో పైకి అనకండి, మిగతావాళ్ళు కొనరు" అనేవాడు.) ఇంట్లో అమ్మ నాకు సంబంధాలు వెతుకుతుంటే, నేను ఆ వారం ఎవరు పోతారా అని గుండెలు చిక్కబట్టుకుని ఉండేదాన్ని.

నా అభిమాన రచయిత అంటే నాకు ఎంత పిచ్చో మాటల్లో చెప్పలేను. ఆయన హత్యలు ఎక్కడో కొండల మీద బంగళాల్లో జరగవు. మన ఊరి రైసుమిల్లులో, మన బస్టాండు వెనక, మనం రోజూ నడిచే సందులో జరుగుతాయి. గూడెం ఉల్లిపాయల గోడౌన్లో జరిగిన హత్య కథ ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. శవం చుట్టూ చేరిన వ్యాపారులందరిలోకీ ఒక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. అందరూ అయ్యో పాపం అంటారు. ఇన్‌స్పెక్టరు మాత్రం వాడి భుజం మీద చెయ్యి వేసి, "పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉల్లి వ్యాపారమే అన్నారు, ఇంకా కళ్ళు మండుతున్నాయేంటండీ?" అంటాడు. అంతే, దొంగ వ్యాపారి దొరికిపోయాడు! ఆ వాక్యం చదివి నేను ప్లాట్‌ఫారం మీద గట్టిగా చప్పట్లు కొట్టాను, పక్కన కూలీ ఉలిక్కిపడి నెత్తిమీద పెట్టె దించేశాడు. పైగా ఆ ఇన్‌స్పెక్టరు ఎవరినీ కొట్టడు, తిట్టడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "తమరు ఏమీ అనుకోనంటే, ఈ గొడ్డలి తమరిదేనాండీ?" అని అడుగుతాడు. అంత మర్యాదగా అడిగితే గోదావరి జిల్లాలో ఎవరు మాత్రం కాదంటారు?

ఇంతకీ ఆ రచయిత మా బడిలో లెక్కల మాస్టారని నాకు ఉద్యోగంలో చేరాక గానీ తెలియలేదు. ఆయన కలం పేరుతో రాసేవారు. నేను సైన్సు టీచరుగా చేరిన వారానికి, స్టాఫ్‌రూములో పిల్లల పేపర్లు దిద్దుతూ, "ఏవమ్మా, మైలుతుత్తం రంగు మజ్జిగలో కనపడుతుందంటారా?" అని అడిగారు. కనపడుతుంది మాస్టారూ అన్నాను. "అయితే నేరేడు రసంలో కలపాలి" అని గొణుక్కుని, మళ్ళీ పేపరు మీద సున్నా చుట్టారు. రెండు వారాల తరవాత సీరియల్లో ఒక జమీందారు నేరేడు రసం తాగి పడిపోయాడు. పత్రిక పట్టుకుని బడికి పరుగెత్తాను. నా చేతుల మీదుగా పోయిన మొదటి మనిషి ఆయన!

అప్పుడు తెలిసింది నాకు, ఆ బడిలో సగం మంది అప్పటికే చచ్చినవాళ్ళని. మాస్టారు చుట్టుపక్కలవాళ్ళని పేర్లు మార్చి కథల్లో చంపుతుంటారు. హెడ్మాస్టారు కత్తిపోటుతో పోయారు. డ్రాయింగు మాస్టారిని రంగులడబ్బాతో కొట్టారు. బడి ముందు ఇడ్లీలమ్మే మామ్మని కూడా వదల్లేదు. వీళ్ళందరూ స్టాఫ్‌రూములో ఒక జట్టు. "నేను పోయినప్పుడు గోనెసంచుడు ఉత్తరాలొచ్చాయండీ" అని హెడ్మాస్టారు మీసం దువ్వితే, "తమరిది ఒక్క వారంలో తేలిపోయిందండీ, నా హంతకుడు దొరకడానికి వేసవి సెలవులు దాటాయి" అని డ్రాయింగు మాస్టారు అందుకునేవారు. ఇడ్లీల మామ్మయితే కొత్తగా వచ్చినవాళ్ళకి తన చావు మొత్తం చెప్పి గానీ చట్నీ వేసేది కాదు. మా బోటి బతికున్నవాళ్ళం ఓ మూల కూర్చుని వినాలి.

ఎన్నాళ్ళని వింటాం? ఒకరోజు సిగ్గు విడిచి అడిగేశాను. "మాస్టారూ, నన్నెప్పుడు చంపుతారు?" ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసి, ఎంతో నొచ్చుకుంటూ, "చంపుదుననుకోండమ్మా, కానీ కారణం ఉండాలి కదా! ఆస్తి లేదు. రహస్యం లేదు. శత్రువులు లేరు. మిమ్మల్ని చంపితే ఎవరికేం ఒరుగుతుంది చెప్పండి? పాఠకులు ఒప్పుకోరు" అన్నారు. ఇరవై మూడేళ్ళ వయసులో ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అంటే నేను చచ్చేపాటి మనిషిని కూడా కానన్నమాట! ఆ రోజు ప్యాసింజర్లో భీమడోలు దాకా కిటికీలోకి మొహం పెట్టుకుని ఏడ్చాను. ఇంటికెళ్ళి అమ్మకి చెబితే, "పెళ్ళి కావలసిన పిల్లవి, చంపమని అడుగుతావటే? ఎవరైనా వింటే ఏమనుకుంటారు!" అని నెత్తి బాదుకుంది.

నేను ఊరుకోలేదు. శత్రువుల్ని సంపాదించుకుందామని బయల్దేరాను. రైల్లో రోజూ నా పక్కన కూర్చునే జంగారెడ్డిగూడెం ఆవిడతో కావాలని సీటు దగ్గర పోట్లాట పెట్టుకున్నాను. మర్నాడు ఆవిడ గిన్నెడు గారెలు తెచ్చి, "నిన్న ఎండకి నాకే చిరాగ్గా ఉందండీ, ఏమీ అనుకోకండి" అని ఒళ్ళో పెట్టింది. హెడ్మాస్టారికి ఎదురు చెప్పి చూశాను. "ఈ తరం పిల్లలకి ధైర్యం ఎక్కువండీ" అని అందరి ముందూ మెచ్చుకున్నారు. రహస్యం ఒకటి తయారు చేసుకుందామంటే, ఏది చేసినా సాయంత్రానికి అమ్మకి చెప్పకుండా నోరు ఆగేది కాదు. ఈ జిల్లాలో పుట్టి శత్రుత్వం సంపాదించడం మాటలు కాదని అప్పుడర్థమైంది.

సరిగ్గా ఆ సమయంలో మాస్టారికి కొత్త సీరియల్ కోసం ఒక చేపల చెరువు కావలసి వచ్చింది. మా అక్కని కొల్లేటికోట దగ్గరే ఇచ్చారు, బావగారికి అక్కడ చెరువులున్నాయి. "మీకు చెరువు నేను చూపిస్తాను, అందులో శవం మాత్రం నాదే" అని బేరం పెట్టాను. మాస్టారు నవ్వి, "ముందు చెరువు చూద్దాం పదండి" అన్నారు. (ఆ నవ్వుని ఒప్పుకోలు కింద లెక్కేసుకోవడం నా అమాయకత్వం.) ఒక ఆదివారం మాస్టారు, వారి భార్య పిన్నిగారు, నేను ఏలూరులో బస్సెక్కి, తరవాత ఆటోలో గట్ల వెంట ఎగిరెగిరి పడుతూ వెళ్ళాం. దారి పొడుగునా నా చావు గురించి ఆలోచించుకుంటూ ఎంత సంతోషంగా ఉన్నానో! ఏ చీరలో ఉండగా పోవాలన్నది కూడా తేల్చుకున్నాను. మాస్టారేమో చేపల వాసనకి జేబురుమాలులో కర్పూరం మూటకట్టుకుని ముక్కుకి పట్టుకున్నారు. ఇందరిని పొట్టన పెట్టుకున్న మనిషి, గట్టు మీద చచ్చిన చేపపిల్ల కనపడితే కళ్ళు మూసేసుకున్నారు.

బావగారు కొబ్బరిబొండాలు కొట్టించి, గట్టు మీద మంచాలు వేయించి రాజోపచారాలు చేశారు. మాస్టారు నీళ్ళలోకి తేరిపార చూసి, "ఏవండీ, ఇందులో ఒక మనిషిని పడేస్తే ఎన్నాళ్ళకి తేలతాడంటారు?" అన్నారు, బియ్యం ధర కనుక్కున్నంత మామూలుగా. బావగారి చేతిలో బొండాం చేతిలోనే ఉండిపోయింది. "ఏ మనిషండీ?" అన్నారు. "ఇంకా అనుకోలేదండీ. ముందు విషం పెట్టి, తరవాత పడేద్దామని" అన్నారు మాస్టారు. నేను గబగబా, "కథలో బావగారూ, కథలో!" అన్నాను.

"కథలో అయితే మాత్రం మా చెరువులోనా? శవం పడ్డ చెరువులో చేపల్ని ఎవరు తింటారమ్మా?" అన్నారు బావగారు. "మన చేపలు కలకత్తా వెళతాయి కదండీ, వాళ్ళకి తెలుగు రాదుగా" అన్నాను. "మధ్యలో ఏజెంటుకి వచ్చుగా! వంక దొరికితే రేటు కోసేద్దామని చూస్తుంటాడు" అని తల పట్టుకున్నారు. అయినా ఇంటికి వచ్చిన పెద్దమనిషిని కాదనలేక కాసేపు ఆలోచించి, మొహం వెలిగిపోతుండగా చెయ్యి చాపి, "అదిగో, ఆ పక్కది మా పెదనాన్నగారి అబ్బాయిదండీ. లోతు కూడా ఎక్కువ. మీరు విషం పెట్టి నిరభ్యంతరంగా అందులో పడేసుకోండి" అన్నారు.

నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో మాస్టారికి తెలియదు. తెలిసిన బావగారు మర్చిపోయారు. అవతలి గట్టు మీద మేత చల్లుతున్న ఆ అన్నగారు తవుడు బస్తా వదిలేసి నిలబడిపోయారు. చెరువు, విషం అనే రెండు మాటలు ఒకే నోటి వెంట వస్తే ఆ ఊళ్ళో ఎవరికీ ముద్ద దిగదు. పగబట్టినవాడు ఒక్క డబ్బా మందు కలిపితే తెల్లారేసరికి ఏడాది కష్టం తెల్లగా తేలుతుంది. పైగా మధ్య గట్టు ఎవరిదన్న తగాదాతో అన్నదమ్ములిద్దరికీ అప్పటికే మాటల్లేవు. "ఒరేయ్, మా తమ్ముడు నా చెరువులో విషం కలపడానికి మనుషుల్ని పిలిపించాడ్రోయ్!" అని ఆయన కేకేశారు. చూస్తుండగా గట్టు నిండా జనం. లుంగీలు ఎగగట్టినవాళ్ళు, తెడ్లు పట్టుకున్నవాళ్ళు. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఏమే, ఆ ఇంటికీ ఈ ఇంటికీ మళ్ళీ పొత్తు కుదురుతుందేమోనని కూరగిన్నెలు మోసి మోసి చచ్చిపోతున్నానే, నువ్వొచ్చి నిప్పు పెట్టావటే!" అంది. అక్క కళ్ళలో నీళ్ళు చూసేసరికి నా సరదా అంతా దిగిపోయింది. శత్రువులు లేరని ఏడ్చినదాన్ని కదా, ఇప్పుడు గట్టు పొడుగునా వాళ్ళే. నాకు నిజంగానే బతకాలనిపించింది.

ఏం చెయ్యాలో తోచక, "మాస్టారూ, కథ చెప్పేయండి, మొత్తం చెప్పేయండి!" అని అరిచాను. ఆయన కర్పూరం మూట జేబులో పెట్టుకుని, అచ్చం ఆయన ఇన్‌స్పెక్టరులాగే చేతులు జోడించి, "అందరూ ఒక్క నిమిషం కూర్చోండమ్మా, మజ్జిగ తాగుతూ మాట్లాడుకుందాం" అన్నారు. పిన్నిగారు మజ్జిగ కోసం లోపలికి పరుగెత్తారు. మాస్టారు మొదలుపెట్టారు. "పోయేవాడు ఒక చేపల ఏజెంటండీ. రేట్లు కోసి, తూకాల్లో దగా చేసి, ఊరందరి ఉసురూ పోసుకున్నాడు..."

ఆ మాటతో గట్టు మీద గాలి మారిపోయింది. "ఏజెంటా? ముందే చెప్పరేంటండీ!" అన్నారు అవతలి అన్నగారు, ఇవతలికి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంటూ. ఇక చూడండి, చంపడానికి ప్రతివాడి దగ్గరా ఒక కారణం. ఎలా చంపాలో తలో మాట. "నా చెరువులోనే పడేయండి, తమ్ముడిది లోతు తక్కువ" అని అన్నగారంటే, "మాస్టారు ముందు అడిగింది నన్ను! మా మరదలు తీసుకొచ్చిన మనిషి!" అని బావగారు లేచారు. ఏడాదిగా మాటల్లేని ఇద్దరూ శవం కోసం ముఖాముఖి పోట్లాడుకుంటుంటే, అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వడం మొదలెట్టింది. నేనూ నవ్వాను. సగం నవ్వాక గానీ వెలగలేదు, నా చావు నా కళ్ళ ముందే ఏజెంటు ఎగరేసుకుపోయాడని.

సీరియల్ మొదలైంది. శవం మధ్య గట్టు మీద దొరికింది, తల అన్నగారి చెరువులో, కాళ్ళు తమ్ముడి చెరువులో. ఆ శుక్రవారం రెండిళ్ళవాళ్ళూ అక్క అరుగు మీద చేరి చదువుకుని పడీ పడీ నవ్వారట. గట్టు తగాదా ఆ తరవాత కూడా ఉంది గానీ, పోట్లాడుకోవడానికైనా మాట్లాడుకుంటున్నారని అక్క మురిసిపోయింది. నేను మాత్రం ప్రతి వారం ప్లాట్‌ఫారం మీద నన్ను నేను వెతుక్కున్నాను. ఆఖరి వారంలో కనపడ్డాను. చెరువు చూడటానికి వచ్చిన ఒక టీచరమ్మని ఇన్‌స్పెక్టరు పిలిచి, ఒక్కసారి మొహంలోకి చూసి అంటాడు: "ఈ అమ్మాయిని చంపడానికి ఎవరికీ కారణం లేదు. ఈ అమ్మాయి ఎవరినీ చంపడానికీ కారణం లేదు. మీరు వెళ్ళొచ్చమ్మా." అంతే. మజ్జిగ కూడా ఇవ్వలేదు!

నేను పత్రిక విసిరికొడితే అమ్మ ఏరుకుని, ఆ పేజీ కత్తిరించి దాచింది. పెళ్ళిచూపులకి ఎవరొచ్చినా ఫలహారంతో పాటు అది కూడా ముందు పెట్టేది. "చూడండి, మా అమ్మాయి ఎలాంటిదో అచ్చులో పడింది" అని. నాలుగో సంబంధం అబ్బాయి అది చదివి తలెత్తి, "నిజంగానే ఎవరికీ కారణం లేదాండీ?" అని అడిగాడు. నాకు నవ్వాగలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఈమధ్య ఆయనే, "ఇప్పుడు అడుగు మీ మాస్టారిని, నా దగ్గర ఒక జాబితా ఉంది" అంటున్నారు.

పోయిన నెల ఏలూరులో మాస్టారిని చూడటానికి వెళ్ళాను. ఆ వారపత్రిక ఎప్పుడో ఆగిపోయింది. ఆయన చెయ్యి వణుకుతోంది, రాయడం మానేశారు. నేను ఇప్పుడు హెడ్మిస్ట్రెస్‌ని, శత్రువులకి కొదవ లేదు. ఇంటి స్థలం మీద కోర్టులో కేసుంది. మా ఆయనకి చెప్పని రహస్యాలు రెండో మూడో ఉన్నాయి. ఇవన్నీ గొప్పగా ఏకరువు పెట్టి, "ఇప్పుడైనా చంపండి మాస్టారూ" అన్నాను. ఆయన నా వంక చూసి, "కారణాలు బాగానే కూడబెట్టారమ్మా. నాకే ఇప్పుడు చెయ్యి రాదు" అన్నారు. ఆ చెయ్యి వణుకుని అంటున్నారో, మరింకేమైనానో నేను అడగలేదు. ఎవరికీ చంపాలని తోచని ఆ పిల్ల, గారెల గిన్నె ఒళ్ళో పెట్టుకుని శత్రువుల కోసం దిక్కులు చూసిన ఆ పిల్ల, మళ్ళీ ఒక్కసారి కనిపిస్తే బాగుండుననిపించింది.

"వెళ్ళొస్తాను మాస్టారూ" అని లేచి గుమ్మం దాకా వచ్చాను. వెనక నుంచి ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. తిరిగి చూస్తే, కుర్చీలో నిటారుగా కూర్చుని, అచ్చం ఆ ఇన్‌స్పెక్టరులాగే కళ్ళజోడు సర్దుకుని, "ఉండండుండండి. పోయినసారి పొరపాటైంది, మజ్జిగ తాగి మరీ వెళ్ళొచ్చమ్మా" అన్నారు.