రెండో శనివారం సాక్ష్యం

సుందర్ రాజ్ అబద్ధాలకోరు కాడు. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేదంతా ఆయనాడిన ఒక అబద్ధం గురించే. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆకాశంలో ఆ అద్దాల కేబిన్‌లో ఒక్కడే కూర్చుని, కింద ఓడ కడుపులోకి చూస్తూ, లివర్లు లాగుతూ, గొంతెత్తి పాడుకునేవాడు. అంత ఎత్తున వద్దనేవాళ్లెవరు? ఆదివారం చర్చి క్వయర్‌లోనూ అదే గొంతు. మొన్న గుడ్ ఫ్రైడే నాడు పాట మధ్యలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. స్టెంట్ వేశారు. గండం గడిచింది. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ఆయన భార్య ఫ్లోరెన్స్ హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. నలభై మంచాల వార్డుని కనుసన్నల్లో నడిపిన ఆవిడకి ఇప్పుడు ఒకే ఒక్క పేషెంటు దొరికాడు. ఇంకేముంది! పప్పులో ఉప్పు పోయింది. పచ్చడి సీసాలు పక్కింటికి పోయాయి. పోర్టు నుంచి బొగ్గు పొడి వస్తోందని కిటికీలన్నీ బిగించేసింది. గట్టిగా మాట్లాడకూడదు, మెట్లు దిగకూడదు, పాట అన్న మాటే ఎత్తకూడదు. ఆయన కుర్చీలో కదిలితే చాలు, వచ్చి మణికట్టు పట్టుకుని నాడి చూసేది. ఆవిడని తప్పు పడితే కళ్లు పోతాయి. ఆపరేషన్ థియేటర్ బయట ఆవిడ ఎలా కూర్చుందో చూసినవాళ్లెవరూ ఆవిడని ఒక్క మాట అనరు. అయినా ఎంత ప్రేమైతే మాత్రం, మనిషికి ఊపిరాడాలా వద్దా? మూడో అంతస్తు ఫ్లాట్‌లో సుందర్ రాజ్ ఫ్యాను కింద కూర్చుని ఫ్యాను రెక్కల్నే చూసేవాడు.

కాస్త మంచి గాలిలో నడిపించమని డాక్టరు చెప్పబట్టి ఆగస్టులో ఒక దారి తెరుచుకుంది. కాలేజీలో బోటనీ చెప్పే చంద్రిక ప్రతి రెండో శనివారం పొద్దున్నే సింహాచలం కొండల వెనక గడ్డి మైదానానికి పిల్లల్నీ పెద్దల్నీ వెంటబెట్టుకుని వెళ్తుంది. అక్కడ చెట్లు పెద్దగా లేవు. ఎర్రమట్టి, నడుముల దాకా పెరిగిన గడ్డి, అక్కడక్కడా ఈత పొదలు, నేల మీదే గూడు కట్టుకునే పిట్టలు. దీన్ని బీడు అనొద్దు, ఎవరూ విత్తకుండా వేల ఏళ్లుగా పెరుగుతున్న గడ్డి ఇది అని చంద్రిక పిల్లలకి చెప్తుంది. ఫ్లోరెన్స్ ఆవిడతో ఫోన్లో మాట్లాడి, మాత్రలు ఏ జేబులో ఉంటాయో చెప్పి, భర్తని పంపింది.

మొదటి రోజే అందరినీ తలోచోటా ఒంటరిగా, మాట్లాడకుండా కాసేపు కూర్చోమన్నారు. సుందర్ రాజ్ ఓ ఈత పొద నీడన కూర్చున్నాడు. గాలి వీచింది. గడ్డి అంతా ఒక్కసారి అటు వాలింది. ఎందుకో తెలియదు, ఏడుపొచ్చేసింది. కడుపునిండా ఏడ్చాడు. ఏ పురుగునీ చూడలేదు, ఏ పిట్టనీ చూడలేదు.

చివర్లో గుండ్రంగా కూర్చుని, ఎవరేం చూశారో చెప్పాలట. ఓ పిల్ల ఆరుద్ర పురుగుని చూశానంది. ఇంకొకాయన సాలెగూడు అన్నాడు. ఈయన వంతు వచ్చింది. ఏడ్చానని చెప్పడానికి నోరు రాలేదు. ఏమీ చూడలేదనడానికీ రాలేదు. దేవుడు తనకి చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినవాడు ఏమీ లేదని కూర్చోడు కదా. మామూలు జ్వరం తగ్గినా చావు అంచుదాకా వెళ్లొచ్చినట్టు చెప్తేనే వెనక వరసలోంచి ఆమెన్ వినిపిస్తుంది. యాభై ఏళ్ల అలవాటు. లేచి నిలబడ్డాడు.

"ఆ ఈతపొద కాడ నక్కని సూశానండి. రెండు పిల్లలు కూడా ఉన్నాయి."

చంద్రిక కళ్లు పెద్దవయ్యాయి. "తోక చివర నల్లగా ఉందా అంకుల్?"

"ఉంది," అన్నాడు. పాస్టరు గారు అడిగితే ఔననడమే కదా అలవాటు.

"అయితే అది మామూలు నక్క కాదు, గుంటనక్క. ఈ చుట్టుపక్కల కనిపించి ఎన్నాళ్లయిందో."

అయిపోయింది. పై నెల కెమెరాలేసుకుని కొత్త మొహాలు దిగాయి. నక్క తోక తొక్కిన అంకుల్ ఈయనే అని వేళాకోళాలు. హరిచందన అనే చిన్న పిల్లయితే తల్లి నక్క, పిల్ల నక్కల బొమ్మ వేసి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఇంట్లో పేషెంటు, ఇక్కడ పెద్దమనిషి. ఇందాకే అటు పోయిందని ప్రతి నెలా గడ్డిలోకి చెయ్యి చూపించి తప్పించుకునేవాడు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెప్తే ఏ మొహం పెట్టుకుని మళ్లీ వస్తాడు? ఈ మైదానమూ పోతే మిగిలేది ఆ ఫ్యానే.

దానికి తోడు ఇంకో అబద్ధం మొదలైంది. బుధవారాలు మగవాళ్ల బైబిల్ స్టడీ అని ఫ్లోరెన్స్‌కి చెప్పి, బస్సెక్కి ఒంటరిగా ఇక్కడికే రావడం. బస్టాపు దగ్గర బజ్జీల బండి దుర్గారావు చూడగానే నూనెలో పిండి వదిలేవాడు. "ఇదిగో బావా, ఉప్పు దండిగా ఏశాను," అనేవాడు.

డిసెంబరులో గ్రూపులో మెసేజ్ వచ్చింది. అంకుల్ చూపించిన పొద ఎదురుగా, ఎవరికీ చెప్పకుండా చంద్రిక నెల రోజుల కిందటే ఒక కెమెరా కట్టిందట. ఏది కదిలినా దానంతటదే ఫొటో తీస్తుందట. ఈ శనివారం అందరం కలిసి చూద్దాం, ఇంట్లోవాళ్లనీ తీసుకురండి అని రాసింది. సుందర్ రాజ్ దాన్ని మూడుసార్లు చదివాడు.

"మీ నక్కని నానూ సూత్తాను," అని, ఆ మెసేజ్ తనూ చదివిన ఫ్లోరెన్స్ చీర ఇస్త్రీ చేసుకుంది. పొద దగ్గర నక్క లేదన్న భయంలో, అక్కడ ఉన్నదెవరో ఆ మానవుడికి తట్టనేలేదు.

ఎండకి లాప్‌టాప్ కనిపించదని కారు డిక్కీలో పెట్టి, పైన దుప్పటి పట్టారు. ఆ దుప్పటి కింద అందరూ తలలు దూర్చారు. ఫ్లోరెన్స్ ఆయన పక్కనే. తెర మీదికి ఆవు వచ్చింది. వీధికుక్కలు వచ్చాయి. మళ్లీ ఆవు. తర్వాత, పట్టపగలు, బజ్జీల పొట్లంతో సుందర్ రాజ్ వచ్చాడు.

చంద్రిక వేలు ఆగిపోయింది. "కానీయమ్మా," అంది ఫ్లోరెన్స్.

చొక్కా గుండీలు విప్పి గడ్డిలో వెల్లకిలా పడుకున్న సుందర్ రాజ్. ఇంకో బుధవారం, బజ్జీ కొరుకుతూ నవ్వుతున్న సుందర్ రాజ్. ఆఖరున నిలబడి, రెండు చేతులూ చాచి, నోరు బారెడు తెరిచిన సుందర్ రాజ్. నక్క జాడే లేదు.

ఆయన దుప్పటి కిందనుంచి బయటికొచ్చి, అడక్కముందే చెప్పేశాడు. "నక్క లేదండి. నాను సూళ్లేదు. ఆ రోజు ఏడుత్తూ కూకున్నాను. సెప్పడానికి సిగ్గేసింది."

"పిల్లలు కూడా లేవా తాతా?" అంది హరిచందన.

"లేవమ్మా."

ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు. చంద్రికకి బాధ కలిగిందని తెలుస్తూనే ఉంది. "వచ్చే నెల చూసిందే చెప్పండి అంకుల్," అంది. అంతే. ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. ఇన్ని నెలలు దేనికి వణికిపోయాడో అది జరగనే లేదు. ఆయనకి నవ్వొచ్చినంత పనైంది.

గుండ్రంగా కూర్చున్నప్పుడు ఫ్లోరెన్స్ కూడా లేచింది. ఆవిడా చర్చి మనిషే.

"నాను మా ఆయన్ని సూశాను," అంది. "ఆస్పత్రి నుంచొచ్చాక ఆయన మొహం ఇలాగ ఎప్పుడూ సూళ్లేదు. నా ఎదట ఇలాగ నవ్వలేదు." చెంగుతో కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "ఇంక మిమ్మల్ని ఒక్కర్నే పంపనండి. ఇక్కడ పడిపోతే ఎవరు సూత్తారు? రెండో శనివారాలూ, మీ బైబిల్ స్టడీ బుధవారాలూ, నానూ వత్తాను. బీపీ మిషను తెచ్చుకుంటాను, మజ్జిగ తెచ్చుకుంటాను."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లొత్తుకుంది. సుందర్ రాజ్ గడ్డి వైపు చూశాడు. గాలికి అది అటు వాలింది. అంత మైదానమూ వచ్చి మూడో అంతస్తులో పడినట్టయింది ఆయనకి. ఏమని కాదంటాడు? ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమే. పైగా ఆవిడ ఏడుస్తోంది.

"అలాగే," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఫ్లోరెన్స్ కిటికీ అద్దం మూసేసి, ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలి కింద వేళ్లు ఆనించి నాడి చూస్తూ, ఉన్నట్టుండి అడిగింది.

"ఆ ఆఖరి ఫొటోలో నోరు తెరుసుకుని ఏటండీ సేత్తన్నారు? పాడుతన్నారా?"

సుందర్ రాజ్ అద్దంలోంచి బయటికి చూశాడు. దేవుడు క్షమించుగాక, ఆ ఒక్కటీ ఆవిడ చేతిలో పెట్టబుద్ధి కాలేదు.

"పాటేటి ఫ్లోరెన్స్? ఆవులించాను, అంతే."



"ఆవులింతలు ఎక్కువొత్తన్నాయన్నమాట. సోమవారం డాక్టర్ గారికి సూపిద్దాం," అంది, మణికట్టు వదలకుండానే.