బుర్రుమనడం మాన్పించింది నేనే

పాపకు ఆరో నెల నిండేసరికి మేం సాతంరాయిలో కిరాయికి ఉన్నాం. మావారికి ఆ పక్కనే ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. ఇంటి యజమానురాలు కింద వాటాలో ఉండేది. ఆ జిల్లాలోనే కందుకూరు దగ్గరి చేనులో ఇంకా పత్తి వేసే మనిషి. సాయంత్రమైతే మెట్లెక్కి వచ్చి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పెదాలతో బుర్రుమనేది. అని, ఆగేది. పాప ఆమె నోటివైపే చూసి చూసి, చొంగ కార్చుకుంటూ తనూ బుర్రుమనేది. అప్పుడు మళ్ళీ ఈమె.

"సూడు బిడ్డా, వాననెట్ల పిలుస్తుందో! పసిపోరలు గిట్లంటే వానొస్తది. ఇంగొక్కసారి అను తల్లీ, మన పత్తి ఎండుతున్నది" అనేది.

నాకు ఒళ్ళు మండేది. కోస్తాలో మా ఇంట్లో పిల్లలు ఎంత తొందరగా మాట్లాడితే అంత గొప్ప. మా పెద్దమ్మ మనవడు ఏడాదికే పద్యం చెప్పాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని బొమ్మల కార్డులు కొని, ఆవు, ఏనుగు, అరటిపండు అంటూ పాప ముందు పాఠం చదివేదాన్ని. పాప కార్డు మూల చప్పరించేది.

ఒకరోజు నోరు జారాను. "పిన్నిగారూ, ఆ చప్పుళ్ళు నేర్పకండి, అవే అలవాటైపోతాయి. చేతనైతే మాటలు చెప్పండి" అన్నాను. ఆ "చేతనైతే" ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. ఆమె పాపను నాకందించి, "సరే, మాకేమెరుక" అని దిగిపోయింది.

తర్వాత కూడా వచ్చేది, అప్పుడప్పుడు. గుమ్మంలోనే నిలబడి, "పాపగారూ, బాగున్నారా అండీ" అని మా యాస తెచ్చిపెట్టుకుని పలకరించేది. పాప ఆమె నోటివైపే చూసేది. పాప బుర్రుమనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు.

టీకాకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, పాప ఏమేం శబ్దాలు చేస్తుందని అడిగింది. కార్డుల సంగతి గొప్పగా చెప్పాను. ఆవిడ నవ్వి, "కార్డు తిరిగి పలకదు కదమ్మా. పాప ఏ చప్పుడు చేస్తే మీరూ అదే చేయండి. చేసి ఆగండి, తన వంతు తనకివ్వండి. మాటలు అలాగే మొదలవుతాయి" అంది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ వారమంతా నేనే బుర్రుమన్నాను. పాప నన్ను వింతగా చూసింది.

ఆదివారం మబ్బు పట్టింది. ఆరేసిన బట్టలు తీయడానికి ఆమె మేడ మీదికి వచ్చింది. నా చంకలోని పాప ఆమెను చూడగానే, ఎన్నాళ్ళకో, పెదాలు బిగించి బుర్రుమంది. ఆమె ముఖం విప్పారింది. బదులివ్వబోయి, ఆగి, నా వైపు చూసింది.

"జర నేను గూడ అననా, మేడం?"

సొంత ఇంటి మేడ మీద నిలబడి నన్ను అడిగింది. సిగ్గులోంచి తేరుకుని నేను అనండి అనేలోగా ఆమె బట్టలు భుజాన వేసుకుని దిగిపోయింది. పాప మెట్లవైపు చూస్తూ ఇంకోసారి బుర్రుమని, జవాబు కోసం ఆగింది.