నల్ల తెర ముందు మా సార్

మా కంప్యూటర్ సార్ పోయారన్న కబురు మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో, లారీలకు గేటు పాసులు రాస్తుండగా అందింది. ఫోన్ చేసింది సార్ భార్య. "మీ సారు లేడు బిడ్డా" అని ఒక్క ముక్క చెప్పి, ఇంకా ఎవరెవరికో చెప్పాలని పెట్టేసింది. నేను ఇంకో నాలుగు పాసులు రాశాను. ఐదోదాని మీద లారీ నంబరు తప్పు రాసి చింపేశాను.

మీలో కోదాడలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు ఉంటే ఆయన మీకూ తెలిసే ఉంటారు. మేడ మీద ఇరుకు గది, ఎనిమిది పాత కంప్యూటర్లు. బొమ్మల తెర, మౌసు అంటే అవి మోయలేక మధ్యలో ఆగిపోయేవి. అందుకని సార్ అన్నిట్లో లినక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బొమ్మల తెర లేకుండానే మొదలయ్యేలా చేశారు. బటన్ నొక్కితే నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తి, చివరికి మన పేరు అడిగి ఆగేవి. అంతే. ఆపైన ఏం కావాలన్నా టైపు చేసి అడగాల్సిందే. పొద్దున్నే కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటూ వచ్చి, "అన్నిటిని లేపిన్రా?" అనేవారు, కొట్టంలో గొడ్లను అడిగినట్టు.

మునగాల నుంచి వెళ్లిన నాకు ఆ తెర చూస్తేనే బెరుకు. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడదు, చుక్కలైనా రావు. మీటలు పనిచేయడం లేదనుకుని ఒక్కో అక్షరాన్ని రెండేసి మూడేసి సార్లు గట్టిగా కొట్టేదాన్ని. అది తప్పు అనేది. వారం రోజులు ఇదే తంతు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. వెనక నిలబడి ఎన్నాళ్లు చూశారో గానీ, ఒకరోజు సార్ స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు.

"కనపడ్తలేదని పడ్తలేదనుకోకు. ఒక్కసారే కొట్టు, నమ్ము."

నేనీ ఉద్యోగంలో అన్నం తింటున్నానంటే ఆ మాట వల్లే.

తర్వాత పిల్లలు రావడం తగ్గింది. సార్ ఆ గది మూసేసి, ఒక్క కంప్యూటర్ వెంట తీసుకుని సూర్యాపేటలో కిరాయి ఇంటికి మారారు. నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. జర వచ్చి పో, మాట్లాడేటోళ్లు లేరు అన్నారు. వడ్ల సీజన్ అయ్యాక వస్తానన్నాను. సీజన్ అయింది, ఇంకోటి వచ్చింది. నేను పోలేదు. దీనికి సాకు వెతకను.

కర్మలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక సూర్యాపేట పోయాను. ఆన్ చేస్తే నల్ల తెర తప్ప ఏమీ రావట్లేదని, కంప్యూటర్ చెడిపోయిందని, పాత సామాన్లవాడికి ఇచ్చేయమని వాళ్లు చెప్పి వెళ్లారట. సార్ భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. అమ్మకు మనసొప్పలేదు. "పొద్దుమాపు దీని ముందటనే కూసునేటోడు. ఏం చేసేటోడో నాకు తెల్వది. ఆయనది ఏమన్న ఉంటే సూపియ్యి బిడ్డా" అంది.

నోటుబుక్కులో సార్ రాసుకున్న పాస్‌వర్డ్ చూసి కొట్టాను. లోపలికి వెళ్లగానే ఒక వరస వచ్చింది. దీంట్లోకి ఇంతకుముందు చివరిసారి ఎప్పుడు వచ్చారో చెప్పే వరస అది. సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. చదివి వినిపించాను.

అమ్మ తెర దగ్గరికి జరిగింది. "ఆ పొద్దే దవాఖానకు పోయినం. ఆటో వచ్చి నిలబడ్డది. జర ఆగుమని లోపటికొచ్చిండు. మల్ల ఇంటికి రాలే" అంది.

అప్పుడు వెలిగింది నాకు. రేపు ఎవరు తెరిచినా ఈ చోట నేను వచ్చిన సమయమే కనపడుతుంది. వెతికితే పాత చిట్టాలో ఆయనది దొరుకుతుంది, కాదనను. కానీ తెరవగానే ఎదురయ్యేది ఇక ఆయన కాదు. బతికుండగా రానిదాన్ని, పోయాక వచ్చి ఆయన ఆఖరి గుర్తు మీద నా కాలు పెట్టాను. ఆ సంగతి అమ్మకు చెప్పి ఏడ్చాను.

"అయితే బంద్ చేయకు" అంది అమ్మ.

చేయలేదు. బంద్ చేయనంతసేపూ ఆ వరస అక్కడే ఉంటుంది. కాసేపటికి తెర దానంతట అదే నల్లబడితే ఆమె ఉలిక్కిపడింది. ఏ అక్షరమూ పడని మీట ఒకటి చూపించి నొక్కమన్నాను. నొక్కింది. వరస మళ్లీ వచ్చింది. బస్సుకు బయల్దేరుతూ గుమ్మంలోంచి వెనక్కి చూశాను. ఆయన కుర్చీలో కూర్చుని, తెర చీకటైనప్పుడల్లా ఒక్క వేలితో మీట నొక్కి, తనకు చదవడం రాని ఆ వరసను చూసుకుంటోంది.