సువార్తమ్మ టీచర్ కొంగు తీసి పాడిన ఆదివారం

బీరంగూడలోని పళ్ల డాక్టరు దగ్గర లోపలి గది తలుపు తెరిచినప్పుడల్లా లవంగ నూనె వాసన గుప్పుమంటుంది. చాలామందికి అది భయం పుట్టించే వాసన. నాకు మాత్రం సువార్తమ్మ టీచర్ గుర్తొస్తారు. ఆవిడకు లాగే నాకూ ఇప్పుడు షుగరు ఉంది. చిగుళ్లు చూపించుకోవడానికి అక్కడికి వెళ్తుంటాను.

పోతిరెడ్డిపల్లిలో టీచర్‌ది మా వీధే. బడిలో లెక్కలు చెప్పేవారు, ఆదివారం చర్చిలో పాటలు నడిపించేవారు. మనిషి పొట్టి, గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు. నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కొత్తగా చేరిన రోజులవి. నలుగురిలో మాట్లాడాలంటే వణికే నన్ను పాటల బృందంలో నిలబెట్టింది ఆవిడే. "తప్పు పాడితే ఏమైతది బిడ్డా? దేవుడు మార్కులేస్తడా?" అనేవారు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పాడటం మొదలుపెట్టారు. తర్వాత ఎవరితోనూ దగ్గరగా నిలబడి మాట్లాడటం మానేశారు. ఒక పొద్దున వాళ్లింటికి వెళ్తే పెరట్లో కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్నారు. ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏంది టీచర్ ఇది?"

"నొప్పేం లేదు బిడ్డా. నెత్తురొస్తదని మెల్లగ తోముతున్న. ముంగటి పళ్లు గిట్ల కదులుతున్నయి. వయసుకు అందరికీ గింతే."

అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నా, మందు డోసు పెంచుతున్నా ఆవిడ షుగరు దిగడం లేదు. చిగుళ్ల నెత్తురుకూ షుగరుకూ సంబంధం ఉంటుందని మా ఇద్దరికీ తెలియదు. బతిమాలి ఆటో ఎక్కించి బీరంగూడ తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ చాలాసేపు చూసి, "షుగర్ ఉన్నోళ్లకు చిగుళ్లు జల్దీ చెడతయి టీచర్. చిగుళ్లల్ల చీము ఉంటే షుగర్ కూడా దిగనంటది. ముంగటి నాలుగు పళ్ల కింద ఎముక కరిగిపోయింది, అవి తీసెయ్యాలె. మిగిలినవి కాపాడుకోవచ్చు" అంది.

తిరుగు దారిలో టీచర్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "ఇగ నేను పాడ" అన్నారు, అంతే. ఆవిడ గర్వంగా చెప్పుకునేది ఆ గొంతు ఒక్కటే.

షుగరు కొంత అదుపులోకి వచ్చాక చిగుళ్ల లోతుల్లో శుభ్రం చేసి, ఆ నాలుగూ తీసేశారు. పుండు మానేదాకా కట్టుడు పళ్లు పెట్టరు. ఆ ఆదివారం ఆవిడ రారనే అనుకున్నాను. వచ్చారు. కొంగు నడుముకు దోపుకుని, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి పాట ఎత్తుకున్నారు. 'స' వచ్చిన ప్రతిచోటా ఈల వినిపించింది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ ఆగలేదు. గొంతు మాత్రం అదే, గోడలకు తగిలే గొంతు.

పాట అయ్యాక కూర్చోలేదు. "నవ్వుండ్రి, నాకూ నవ్వొస్తుంది" అన్నారు. "నా నోరు సూడుండ్రి. నెత్తురొస్తుంటే సిగ్గుతోని దాసుకున్న. నా లెక్క దాసుకునేటోళ్లు మీల ఎవరన్న ఉన్నరా?"

వెనక బెంచీలోంచి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన డేవిడ్ గారు లేచారు. ఒక ఫ్యాక్టరీలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. "నాకూ రక్తం వస్తోందండీ టీచర్ గారూ. షుగరుంది. ఇంట్లో కూడా చెప్పలేదు" అన్నారు. ఆయన భార్య తెల్లబోయి చూసింది. తర్వాత ఇంకొకావిడ లేచింది. అందరూ దాచుకునేదాన్ని అందరి ముందూ చూపించి, ఇంత పొట్టి మనిషి ఒక చర్చినే మాట్లాడించారు.

ఆ వారమే డేవిడ్ గారిని డాక్టరమ్మ దగ్గరికి ఆవిడే వెంటబెట్టుకెళ్లారు. మందులతో పాటు చిగుళ్ల వైద్యం కూడా సాగేసరికి టీచర్ షుగరు మెల్లగా దిగింది. కట్టుడు పళ్లొచ్చాయి, ఈల పోయింది. ఏళ్ల తరబడి పాడారు. పోయిన వానాకాలంలో నిద్రలోనే వెళ్లిపోయారు. డాక్టరమ్మ కాపాడిన పళ్లు చివరిదాకా ఆవిడ నోట్లోనే ఉన్నాయి.

ఇప్పుడు నేను కంపెనీలో సూపర్‌వైజర్‌ని. షుగరున్న వాళ్లు క్యాంటీన్‌లో ఒక దవడతోనే నములుతుంటే పక్కకెళ్లి కూర్చుంటాను. నీకేమైందని అడగను. "నాకు చిగుళ్లల్ల నెత్తురొచ్చేది అక్కా" అని ముందు నా సంగతి చెబుతాను. కాసేపటికి వాళ్లూ చెబుతారు.