లోరెల్ అడిగిన గడువు

ఆస్ట్రేలియా తీరంలోని పోర్ట్ లింకన్‌లో లోరెల్ హాస్కెట్‌కి నోటి దురుసు మనిషని పేరు. మా చేపల షెడ్డులో నా పక్కనే నిలబడి సార్డీన్లు కోసేది. ట్యూనా పడవ నడిపే బ్రెట్‌తో విడిపోయాక కూతురు టీగన్‌ని తనే పెంచుకుంటోంది. పిల్ల ఖర్చుకి తండ్రి ఎంత ఇవ్వాలో ప్రభుత్వ ఆఫీసు లెక్క కడుతుంది. ఆ ఏడు బ్రెట్ పడవని అన్న పేరు మీదికి మార్చి, తాను అతని దగ్గర కూలికి పోతున్నట్టు చూపించాడు. ఆఫీసు నమ్మింది. పిల్ల బూట్లకి కూడా చాలని భరణం ఖాయం చేసింది.

ఒప్పుకోనివాళ్లు గడువులోగా అభ్యంతరం చెప్పుకోవాలి. లోరెల్ చెప్పుకోలేదు. సరిగ్గా అప్పుడే బ్రెట్ తల్లి బెరిల్ క్యాన్సర్‌తో మంచం పట్టింది. కొడుకు సముద్రం మీద ఉన్నాడు. పెర్త్‌లో ఉన్న కూతురు రాలేనంది. ఆసుపత్రికి పోనని ముసలామె మొండికేసింది. "నానమ్మ ఒక్కతే ఉందమ్మా" అని టీగన్ ఏడుస్తుంటే చూడలేక లోరెల్ వెళ్లింది. వెళ్లి, చివరిదాకా ఉండిపోయింది.

బెరిల్‌కి ఈమె పెళ్లినాటి నుంచీ గిట్టదు. పక్క మారుస్తున్నా ఊరుకునేది కాదు.

"నా కొడుకు సంసారం కూల్చినదానా, మెల్లగా పట్టుకో!"

"కూల్చినదాన్నే. ఇటు తిరుగు" అనేది లోరెల్.

ముసలామె పోయింది. అంత్యక్రియల్లో బ్రెట్ లోరెల్‌ని తమ వరసలో కూర్చోనివ్వలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

ఆ తర్వాత ఇంకొంత గడువు ఇమ్మని ఆఫీసుని అడిగింది. ఆలస్యానికి కారణం 'ఇంట్లో జబ్బు' అని మాత్రమే రాసింది. అది చాలదని కొట్టేశారు.

"జరిగింది జరిగినట్టు రాయడానికేం?" అని కోప్పడ్డాను.

"ముసలిదాని చావు చూపించి అడుక్కోమంటావా?" అని నా మీద విరుచుకుపడింది.

పట్టుబట్టి ట్రిబ్యునల్‌కి అప్పీలు పెట్టించాను. విచారణ ఫోన్‌లోనే. షెడ్డులో టీ తాగే గదిలో కూర్చుని విన్నాం. అవతల జడ్జి లాంటి పెద్దావిడ, ఇంకో లైన్‌లో బ్రెట్.

"దీనికి బద్ధకం మేడమ్. పబ్‌కి పోవడానికి తీరిక ఉంటుంది, రెండు ముక్కలు రాయడానికి ఉండదు" అన్నాడు బ్రెట్.

లోరెల్ ఫోన్ మీదికి వంగింది.

"నాకెక్కడిది తీరిక? అప్పుడు మీ అమ్మ దుప్పట్లు ఉతుకుతున్నానురా!"



"అమ్మకి నర్సు ఉండేది. అమ్మే చెప్పింది" అన్నాడు.

"రాత్రీపగలూ ఉన్న ఆ నర్సు పేరేంటో అడిగావా?"

"చచ్చిపోయిన మా అమ్మని అడ్డం పెట్టుకుంటున్నావ్, సిగ్గులేదూ!"

"బ్రెట్ గారూ, ఆగండి" అంది పెద్దావిడ. "లోరెల్ గారూ, మీరక్కడ ఉన్నట్టు ఎవరైనా చెప్పగలరా?"

నొప్పికి మార్ఫిన్ ఇవ్వడానికి వచ్చిపోయిన అసలు నర్సు పేరు చెప్పింది లోరెల్. పెద్దావిడ ఆమెని కూడా లైన్‌లోకి పిలిపించి వింది. గడువు ఇచ్చింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. లోరెల్ అభ్యంతరం రాసిచ్చాక పడవ ఎవరిదో ఆఫీసు కూపీ లాగింది, భరణం పెరిగింది. "శవం మీద చిల్లర ఏరుకుంది" అని బ్రెట్ ఊరంతా చాటాడు. అతని అన్న మా షెడ్డుకి చేపలివ్వడం మానేశాడు. ఆ కోపంతో మేనేజర్ లోరెల్‌ని మంచుగది పనికి మార్చాడు. ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

చలికాలంలో ఒకరోజు టీగన్‌ని దింపడానికి వచ్చిన బ్రెట్, బండి దిగకుండానే అడిగాడు.

"చివర్లో అమ్మ నా గురించి ఏమైనా అందా?"

"నీ పడవొచ్చిందా అని రోజూ అడిగేది" అంది లోరెల్. పిల్లని లోపలికి లాక్కుని, అతను బండిలోంచి చూస్తుండగానే తలుపేసింది.