ఆయ్ అనే అధ్యక్షులుగారు

మా కొబ్బరి వర్తకుల సంఘానికి అప్పట్లో అధ్యక్షులుగా ఉన్న పెద్దాయనతో వాదించడమంత దండగమారి పని ఇంకోటి ఉండేది కాదు. మనం ఏమన్నా ముందు "ఆయ్" అని ఒప్పేసుకునేవారు. తరవాత తను అనుకున్నదే చెప్పేవారు.

ఎండుకొబ్బరి ధర పడిపోయిన ఏడాది, మార్కెట్ సెస్సు తగ్గించమని అడగడానికి మంత్రిగారిని కలిశాం. ఆ మాట అయ్యాక కూడా మా అధ్యక్షులుగారు కుర్చీలోంచి లేవలేదు.

"రైతుల దగ్గర సర్కారే మంచి ధరకి కొనాలండి. అమలాపురంలో కేంద్రం తెరవండి" అన్నారు.

నాదేమో నూనె మిల్లు. ఇక మాకు చవక సరుకు ఎక్కడ దొరుకుతుంది?

"బాబాయిగారూ, కూర్చున్న కొమ్మ మనమే నరుక్కుంటామేంటండీ?" అని అక్కడే అడిగేశాను.

"ఆయ్, నరుక్కుంటున్నామండి. ఈ ధరకి రైతు చెట్లు కొట్టేసి రొయ్యల చెరువు తవ్వుతాడు. అప్పుడు మీ మిల్లులో రొయ్యలు ఆడిస్తారేంటండీ?"

మంత్రిగారు నవ్వేసి, "మీ కొట్టుకీ నష్టమే కదండీ?" అన్నారు.

"ఆయ్. ముందు నాకేనండి."

మాలో అందరికన్నా ఎక్కువ కొబ్బరి కొనేది ఆయనే మరి.

"మీరంతా ఒప్పుకుంటున్నారా?" అని మంత్రిగారు మావైపు తిరిగారు. అందరూ నాకేసి చూశారు. సంఘంలో ఎదురు చెప్పే నోరు నాదొక్కటే. ఆ నోట్లోంచి "ఆయ్" తప్ప మరో మాట రాలేదు.